నాకు పిన్ని, స్వప్నకు చిన్నమ్మ

స్వప్న ఫోన్ చేసినప్పుడు నేను రొయ్యలు వలుస్తున్నాను. వేళ్ళకు నీచు అంటుకుని ఉండటంతో స్పీకర్లో పెట్టి మాట్లాడాను. "అక్కా, దోహాల మీటింగున్నది, నాలుగు రోజులుంట. శుక్రవారం నీ ఇంటికొస్త, అన్నం పెట్టు" అంది. పదమూడేళ్ళ తరవాత విన్న గొంతు. నిన్న సాయంత్రమే విడిపోయినట్టు మాట్లాడింది. "రా, తప్పకుండా రా" అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ గిన్నె ముందు అలాగే నిలబడిపోయాను. ఆమె మీద నాకుండే కుళ్ళు వయసుతోపాటు పోయిందనుకున్నాను. పోలేదు. గొంతు వినగానే లేచి కూర్చుంది.

అప్పట్లో నేను ఇక్కడే దోహాలో, ఉమ్ ఘువైలినా పేటలో మా ఎస్తేరు పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. గుడివాడ దగ్గర రొయ్యల చెరువుల మధ్య పుట్టి, బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివి, ఇక్కడొక పరిశోధనశాలలో మొదటి ఉద్యోగానికి వచ్చాను. పుండ్లు త్వరగా మానడానికి వాటి మీద కప్పే పదార్థాలు తయారుచేయడం మా పని. రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్ అనే పొడితో గుజ్జు కాచి, దాన్ని పలచటి పలకలుగా ఆరబెట్టేవాళ్ళం. చిన్నప్పుడు మా ఊరి షెడ్ల వెనక గుట్టలుగా పోసిన పెంకుల కంపుకు ముక్కు మూసుకుని బడికి పరిగెత్తేదాన్ని. "ఆ పెంకుల కోసమే ఇప్పుడు సముద్రం దాటొచ్చింది మా కరుణ" అని పిన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేది. ఆ "మా కరుణ" అనే మాట వినడానికి నేను ఏదో పని కల్పించుకుని వంటింటి గుమ్మం దగ్గర తచ్చాడేదాన్ని.

పిన్నికి పిల్లలు లేరు. ఒక క్లినిక్కులో డ్రెస్సింగు గది నర్సుగా పాతికేళ్ళు పని చేసింది. పొద్దున్నే లేచి తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటుంటే తడి బట్ట కాలిన వాసనకు నాకు మెలకువ వచ్చేది. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఎవరినీ తాకకుండా నేరుగా బాత్రూములోకి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, ఆదివారపు బడిలో నేర్చుకున్న పాట ఒక చరణం పూర్తిగా పాడుకునేది. చరణం అయ్యేదాకా చేతులు కడగడం ఆపేది కాదు. ఆ తరవాత హాల్లో చాప పరిచి, ఇద్దరికీ అన్నం వడ్డించి, ఆ రోజు చూసిన పుండ్ల గురించి చెప్పడం మొదలుపెట్టేది. ఎవరి కాలు ఎర్రబడింది, ఎవరిది అంచుల నుంచి కొత్త చర్మం పట్టింది, ఏ డ్రైవరు గాజుగుడ్డ ఊడదీస్తుంటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాబాయి దూరాన దుఖాన్‌లో కంపెనీ క్వార్టర్సులో ఉండి గురువారం సాయంత్రం వచ్చేవాడు, కాగితంలో చుట్టిన వేడి వేడి ఖుబుజ్ రొట్టెలు పట్టుకుని. ఆయనకు ఈ కబుర్లు వింటే ముద్ద దిగేది కాదు. "మీ పిన్నీకూతుళ్ళకో దండం" అని కంచం పట్టుకుని లోపలి గదిలోకి పోయేవాడు. మీ పిన్నీకూతుళ్ళు. ఆ మాట కూడా నాకిష్టమే. శుక్రవారం చర్చి నుంచి వచ్చాక పిన్ని నా తలకు నూనె పెట్టేది. ఇరవయ్యారేళ్ళ దాన్ని, చిన్నపిల్లలా ఆమె మోకాళ్ళ మధ్య కూర్చునేదాన్ని. మా ఇంట్లో నలుగురు ఆడపిల్లల్లో మూడోదాన్ని నేను. ఒకరికి పూర్తిగా నేను మాత్రమే ఉండటం ఎలా ఉంటుందో ఆ ఆరు నెలల్లోనే నాకు తెలిసింది.

ఏడో నెలలో స్వప్న వచ్చింది. జగిత్యాల వైపు పల్లెటూరు. హైదరాబాదు హాస్టళ్ళలో ఉండి చదువుకుని, నాలాగే మొదటి ఉద్యోగంగా మా ల్యాబులో చేరింది. వాళ్ళ నాన్న మల్లయ్య అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే, సైట్లలో ఇనుప చువ్వలు కట్టే పని. "మా ఊర్ల దుబాయే అంటరక్కా, ఏ దేశమైనా దుబాయే. చిన్నప్పుడు నన్ను మీ బాపు యాడున్నడు అంటే ఆకాశం దిక్కు చూపెట్టేదాన్ని" అని నవ్వింది మొదటి రోజే. నేనూ నవ్వాను. ఆ పిల్ల మంచిదని నాకు మొదటి రోజే తెలుసు. తరవాత జరిగినదానికి అదే కారణమేమో. చెడ్డదై ఉంటే కుళ్ళుకోవలసిన పని ఉండేది కాదు.

ఇంటికి తీసుకొచ్చింది కూడా నేనే. మల్లయ్య గారికి షుగరు. బూటులోంచి మేకు దిగి అరికాలు పుండైంది. కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపించేస్తారని రెండు వారాలు దాచిపెట్టి డ్యూటీకి వెళ్ళాడట. స్వప్న ఆ మాట చెప్తూ కళ్ళు తుడుచుకుంటుంటే "మా పిన్ని డ్రెస్సింగు నర్సే, ఒకసారి చూపిద్దాం" అన్నాను. శుక్రవారం ఇద్దరూ వచ్చారు. పిన్ని ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఒళ్ళో తువ్వాలు పరిచి, ఆయన కాలు ఎత్తి అందులో పెట్టుకుంది. ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు.

"వద్దు సిస్టరమ్మా, నా కాలు మీరు పట్టుకునుడేంది!"

"కాళ్ళు పట్టుకోవడమే కదండీ మల్లయ్య గారూ నా ఉద్యోగం" అంది పిన్ని. ఆయన ఒక్కసారి పకపకా నవ్వాడు. ఆ నవ్వుతుండగానే పాత గుడ్డ సగం ఊడదీసేసింది.

మిగతా సగం దగ్గర ఆగి, ఎప్పుడూ నాతో చెప్పే మాటే చెప్పింది. "వేసేటప్పుడు ఏమీ ఉండదమ్మా. తీసేటప్పుడే చిక్కంతా. కొత్తగా పట్టిన చర్మం కూడా గుడ్డతోపాటే లేచొచ్చేస్తుంది. నాలుగు రోజులు మానింది నాలుగు సెకన్లలో పోతుంది." అన్నం తింటూ ఈ మాట నేను పాతికసార్లు విని ఉంటాను. స్వప్న ఒక్కసారే విన్నది. తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడ్డదల్లా వంగి పుండులోకి చూసింది. "అంటే మనం వేసేదాని గురించి గాదు, తీసేదాని గురించి సోచాయించాలె గదా చిన్నమ్మా" అంది.

చిన్నమ్మా. వాళ్ళ వైపు పిన్నిని అలాగే అంటారని నాకు తెలుసు. అయినా ఆ పిలుపు నాకు నచ్చలేదు. నేను పిన్ని అంటాను. ఆమె మాటలో అమ్మ ఉంది. పిన్ని తలెత్తి ఆ పిల్లను చూసిన చూపు నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చాలా కాలంగా ఒక్కతే మోస్తున్న బరువుకు రెండో పక్కన ఎవరో చెయ్యి వేసినట్టు చూసింది.

ఆ తరవాత ప్రతి శుక్రవారం వాళ్ళిద్దరూ వచ్చేవారు. పిన్ని స్వప్నకు రొయ్యలు వలిచి పెట్టేది. "హాస్టల్ తిళ్ళు తిని ఎండిపోయింది పాపం" అంటూ చేప తలకాయ ఆమె కంచంలో వేసేది. తలకు నూనె పెట్టే వేళకు కట్టు మార్చే పని అడ్డొచ్చేది. "రేపు పెడతాలేవే" అనేది నాతో. వీటన్నిటినీ ఎలాగో మింగాను. మింగలేనిది ఒకటుంది. ఒక మంగళవారం అన్నం తింటూ, "ఇవాళ ఎవరొచ్చారు పిన్నీ?" అని నేనే అడిగాను. "ఉంది ఒక ముచ్చట. శుక్రవారం స్వప్న వచ్చాక చెప్తాలే, మళ్ళీ రెండుసార్లు ఎందుకు" అంది. ఏమీ అనుకోకుండా అన్న మాట. ముచ్చట అనే మాట కూడా ఆ పిల్ల నుంచి పట్టుకున్నదే. నేను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

ల్యాబులోనూ అంతే. నా పలకలు గట్టిగా అతుక్కునేవి. ఎంత గట్టిగా అతుక్కుంటే అంత మంచి పదార్థమని నా లెక్క. చెమటకు, నీళ్ళకు ఊడకుండా చేశానని గర్వపడేదాన్ని. స్వప్న సరిగ్గా దానికి ఎదురు దిశలో వెళ్ళింది. పుండు మీద ఉన్నన్నాళ్ళూ ఉండి, ఉప్పునీళ్ళు పోయగానే జారిపోయే పలక చేయాలన్నది. ఆమె పోసిన గుజ్జులో ఒక్క బుడగ ఉండేది కాదు. మా ప్రొఫెసరు ఈజిప్టు ఆవిడ, పెద్దగా ఎవరినీ మెచ్చుకునే రకం కాదు. ఆవిడ పొద్దున్నే కాఫీ కప్పుతో వచ్చి నా బల్ల దాటుకుని స్వప్న బల్ల దగ్గర ఆగేది. మల్లయ్య గారి పుండును చూసి కూడా నేను కుళ్ళుకున్నానంటే మీరు నమ్మకపోవచ్చు. ఆమెకు ఆ పని చేయడానికి ఒక మనిషి కాలు ఉంది. నాకు మంచి మార్కులున్నాయి, అంతే.

అలాంటి రోజుల్లో ప్రొఫెసరు ఇద్దరినీ పిలిచి, వచ్చే ఏడాదికి ఒక్కరినే ఉంచుకోగలనని, నెలాఖరులో ఇద్దరి పలకలూ పరీక్షకు పంపి, వచ్చిన ఫలితం చూసి నిర్ణయిస్తానని చెప్పింది. స్వప్న బయటికి రాగానే, "అక్కా, నీకే వస్తది, నువ్వు సీనియర్‌వి" అంది. నిజంగానే అంది. అదింకా మండించింది నన్ను.

ఆ పలకలు తయారుచేసే పద్ధతి ఇది. గుజ్జును మంచులా గడ్డకట్టించి, గాలి లాగేసే ఒక యంత్రానికి సీసాలను తగిలిస్తాం. గాలి లేని చోట మంచు కరగకుండానే ఆవిరైపోయి, రెండు రోజులకు స్పాంజి లాంటి తెల్లటి పలక మిగులుతుంది. ఎక్కడైనా కొంచెం గాలి చొరబడితే చాలు, మంచు కరిగి అంతా ముద్దైపోతుంది. ప్రతి సీసాకూ ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. ఒక గురువారం మధ్యాహ్నం స్వప్న తన మూడు వారాల పనంతా ఆ యంత్రానికి తగిలిస్తుండగా తండ్రి ఉండే కార్మికుల క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. మల్లయ్య గారు జ్వరంతో పడిపోతే ఆసుపత్రికి తీసుకుపోయారట. ఆమె కోటు కూడా విప్పకుండా పరిగెత్తింది. పది నిమిషాల తరవాత నా సంచీ కోసం నేను ఆ గదిలోకి వెళ్ళాను. శుక్ర, శనివారాలు సెలవు. అందరూ వెళ్ళిపోయారు.

తలుపు తీయగానే వినిపించింది, సన్నగా గాలి పీలుస్తున్న శబ్దం. దగ్గరికి వెళ్ళి చూశాను. చివరి సీసా వాల్వు పూర్తిగా పడలేదు. పావు వంతు తిప్పితే చాలు. గాలి ఒత్తిడి చూపే ముల్లు కింద ఉండవలసింది పైన ఊగుతోంది. నేను చెయ్యి ఎత్తాను కూడా. ఎత్తిన చేత్తోనే సంచీ తగిలించుకుని, లైటు ఆర్పి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి కరక్ టీ తాగాను. చక్కెర తక్కువైందని అడిగి మరీ వేయించుకున్నాను. ఆ అడగడమే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

ఆదివారం పొద్దున సీసాల్లో గంజి లాంటి ముద్దలున్నాయి. స్వప్న వాటిని చూసి ఏడవలేదు. "నేనే. వాల్వు తిప్పుడు మరిచిన" అని, ఒక్కొక్క సీసా కడిగి బోర్లించింది. ఆ వారమే మల్లయ్య గారికి రెండు కాలివేళ్ళు తీసేశారు. ఆసుపత్రికీ ల్యాబుకూ మధ్య తిరుగుతూ ఆమె మళ్ళీ మొదటినుంచి చేయలేకపోయింది. నా పలకలు మాత్రమే పరీక్షకు వెళ్ళాయి. నన్ను ఉంచుకున్నారు. తండ్రినీ కూతుర్నీ బాబాయి కారులో ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళడానికి పిన్ని సెలవు పెట్టింది. నాకు పనుందని చెప్పి నేను వెళ్ళలేదు.

ఆ సాయంత్రం పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా అడిగింది. "ఆ గురువారం ఆఖర్న వచ్చింది నువ్వే కదే?"

"అవును."

"యంత్రం దగ్గర ఏమీ చూళ్ళేదా?"

"లేదు పిన్నీ."

"సరే" అంది. బియ్యం చేటలో ఇంకో గుప్పెడు పోసుకుంది. ఆ రోజు తరవాత ఆమె నన్ను ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. అన్నం వడ్డించేది, నూనె పెట్టేది. పుండ్ల కబుర్లు మాత్రం నాకు చెప్పడం మానేసింది. చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం మౌనంగా తినేవాళ్ళం. బాబాయి సంతోషించి తన కంచం హాల్లోకి తెచ్చుకున్నాడు. ఎవరూ ఎత్తుకుపోకూడదనుకున్నదాన్ని నా చేతులతోనే పోగొట్టుకున్నానని నాకు అప్పుడే అర్థమైంది.

బాబాయి రిటైరయ్యాక వాళ్ళు గుడివాడ వెళ్ళిపోయారు. నేనిప్పుడు దోహాలోనే ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక చిన్న ఫ్లాటులో ఒక్కదాన్నే ఉంటున్నాను. అదే ల్యాబు. చేతికింద ముగ్గురు కొత్త ఇంజినీర్లున్నారు. గట్టిగా అతుక్కునే నా పలకల మీద మంచి మంచి వ్యాసాలు వచ్చాయి. ఏ ఆసుపత్రిలోనూ ఎవరి కాలి మీదా అవి పడలేదు. స్వప్న హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో చేరి, ఏళ్ళ తరబడి పని చేసి, నొప్పి లేకుండా ఊడివచ్చే పట్టీ తయారుచేసింది. జిల్లా ఆసుపత్రుల్లో వాడుతున్నారని ఎవరో చెప్తే విన్నాను. విన్న రోజు జలుబని చెప్పి ల్యాబుకు వెళ్ళలేదు. అప్పట్లో మా ఇంట్లో ఒక పెద్ద గిన్నె నిండా పులుసు కాగితే అది శుక్రవారం మధ్యాహ్నానికల్లా అయిపోయేది. ఇప్పుడు అరకిలో రొయ్యలు కొంటే మూడు రోజులు ఫ్రిజ్జులో ఉంటాయి. పిన్ని నెలకోసారి ఫోన్ చేసి, "తిన్నావా, చర్చికి వెళ్ళావా" అని రెండు నిమిషాలు మాట్లాడేది. నిరుడు పోయింది. మట్టికి వెళ్ళొచ్చాను. చెప్పవలసిన మాట చెప్పకుండానే వెళ్ళొచ్చాను.

మొన్న శుక్రవారం స్వప్న వచ్చింది. జుట్టు కాస్త నెరిసింది. కళ్ళజోడు వచ్చింది. నవ్వు అదే. "బాపు మంచిగున్నడక్కా. రెండు బర్రెలను కొన్నడు, వాటెంబడి కుంటుకుంట తిరుగుతడు, చెప్తే ఇనడు" అంటూ కంచం ముందు కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక ఇక ఆగలేకపోయాను.

"స్వప్నా, ఆ గురువారం నీ వాల్వు సరిగా పడలేదు. నేను చూశాను. శబ్దం కూడా విన్నాను. తిప్పకుండా వెళ్ళిపోయాను."

ఆమె చేతిలోని ముద్ద కంచంలో పెట్టింది. తరవాత అడిగిన ప్రశ్న నేను ఊహించినది కాదు.

"ఎంత తెరిచి ఉండె?"

"పావు వంతు. అంతకన్నా తక్కువేనేమో."

"అంటే నేను తిప్పిన అన్నట్టు."

"తిప్పావు. చివర్న కొంచెం మిగిలిపోయింది."

"మొత్తమే మరిచిపోయిన అనుకున్నక్కా ఇన్నేండ్లు" అంది, కంచంలోకి చూస్తూ. "నేనంటే నాకే నమ్మకం పోయింది. ఇప్పటికి గ్యాసు బంద్ జేసి, తాళమేసి, మల్ల తాళం తీసి పోయి చూస్త. మా పిల్లలు నవ్వుతరు." తలెత్తి నన్ను చూసింది. "ఎందుకు జేసినవ్?"

"నిన్ను చూసి కుళ్ళు" అన్నాను.

"నన్ను జూసా? నా దగ్గర ఏముండె అక్కా అప్పుడు? క్యాంపుల మా బాపు, చీము పట్టిన కాలు. అది జూసి కుళ్ళుకున్నవా?"

"పిన్ని నిన్ను చూసే చూపు చూసి."

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎడమచేత్తో కళ్ళజోడు తీసి ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళిపోతే అది న్యాయమేనని కూడా అనుకున్నాను.

"చిన్నమ్మకు ఎరికేనా?" అంది అటే తిరిగి.

"ఒకసారి అడిగింది. చూడలేదని చెప్పాను."

"ఎరికే ఉంటది. ఫోన్ జేసినప్పుడల్ల, కరుణక్క ఎట్లున్నదని అడిగితే మాట మార్చేది. మీకిద్దరికి పడ్తలేదేమో అనుకున్న నేను."

"ఫోనా? పిన్ని నీకు ఫోన్ చేసేదా?"

"ప్రతి ఆదివారం. మేం ఇక్కడికెల్లి పోయిన కాన్నుంచి. పానం పోయే ముందటి ఆదివారం గూడ జేసింది."

చేసిన తప్పు ఒప్పుకుని, అవతలి మనిషి ముందు తల దించుకుని కూర్చున్న నిమిషం అది. అప్పుడు నాలో పశ్చాత్తాపమే ఉండాలి. కానీ ఆదివారాలన్నీ వరసగా నా కళ్ళముందు నిలబడ్డాయి. ఇక్కడ మాకు ఆదివారం పనిరోజు. నేను ల్యాబులో ఉండేదాన్ని. నాకు తెలియకుండా, పన్నెండేళ్ళు.

"ప్రతి ఆదివారమా?" అన్నాను. నోరు ఊరుకోలేదు. "ఎంతసేపు మాట్లాడేది?"

స్వప్న వెనక్కి తిరిగింది. నా ముఖం వంక కాసేపు చూసింది. కళ్ళింకా తడిగానే ఉన్నాయి. అంతలో నవ్వొచ్చేసింది. ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు.

"నువ్వేం మారలే అక్కా" అంది.

"మారలేదు" అన్నాను.

ఆమె వచ్చి కూర్చుని, కంచం తన వైపు లాక్కుంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కొంతసేపటికి, "అరగంట" అంది. "ఒక్కోసారి గంట." నేను తల దించుకుని ఆమె కంచంలో పులుసు పోశాను.